వంపు దగ్గర కోసిన దేవదారు

మా ఆడపడుచు ఆర్డిస్ పోట్లాడని ఆఫీసు మా తీరంలో ఒక్కటి కూడా లేదు. మా ఆదివాసీ తెగ సభలో పోట్లాడింది, అటవీశాఖ వాళ్లతో పోట్లాడింది, తపాలా ఆఫీసు కిటికీ దగ్గర స్టాంపుల కోసం కూడా పోట్లాడింది. నేను కొండలకు అవతల ఎండ కాసే ఊరినుంచి ఈ వానల ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో, ఆమె ట్రక్కు చప్పుడు వినబడితే వంటింట్లో ఏదో ఒక పని కల్పించుకుని బయటికి వచ్చేదాన్ని కాదు. ఆమె తమ్ముడు డెల్మర్ నా భర్త. "మా అక్క అరిస్తే భయపడకు, నడీన్. మాట్లాడటం మానేసిందనుకో, అప్పుడు భయపడు" అని నవ్వేవాడు. ఆ మాట అతనికే ఎదురవుతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

ఆ కోపం ఎక్కడ మొదలైందో ఆర్డిస్ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. ఇద్దరం పని మీద ట్రక్కులో వెళ్తున్నాం, అద్దం మీద వాన.

ఆమె చిన్నప్పుడు మా ఊరి లూథర్ వాగు నిండా పడిపోయిన మానులే ఉండేవట. పిల్లలు కాళ్లు తడవకుండా ఒక మాను మీంచి ఇంకో మాను మీదికి దూకుతూ అవతలి గట్టుకు వెళ్లేవారు. మానుల కింద నల్లటి మడుగులు, శరత్కాలంలో ఆ మడుగుల్లో సముద్రంనుంచి గుడ్లు పెట్టడానికి వచ్చిన వెండి సాల్మన్ చేపలు. మా మామగారు సైలస్ ఆ వాగు కలిసే ఏటి మొగ దగ్గర వల వేసి బతికినవాడు. ఆయన వలలో పడే చేపల్లో సగం లూథర్ వాగు చేపలే.

ఒక వేసవిలో ప్రభుత్వం మనుషులు వచ్చారు. ఈ దుంగలు చేపల దారికి అడ్డం, వాగు శుభ్రం చేస్తాం అన్నారు. బుల్డోజరు దించారు, ఇనుపతాళ్లు కట్టారు, మానులన్నిటినీ గట్టుకు లాగి కుప్పలు పోసి డీజిలు చల్లి తగలబెట్టారు. వేసవంతా పొగే. సైలస్ కూతురిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు.

"ఇల్లు ఊడవడానికొచ్చి మంచాలూ పొయ్యీ కూడా బయట పారేస్తారా బాబూ?" అని అడిగాడట.

వాళ్లు నవ్వారు. ఇదంతా మీ చేపల కోసమే పెద్దాయనా అన్నారు. ఒకతను సిగరెట్టు ఇచ్చాడు.

"తగలబెట్టినందుకు నాకంత కోపం రాలేదే నడీన్" అంది ఆర్డిస్, స్టీరింగు గట్టిగా పట్టుకుని. "మా నాన్న ఆ సిగరెట్టు తీసుకున్నాడు. తీసుకుని, థాంక్స్ అన్నాడు. వాడి ముఖంలోకి కూడా చూడలేదు. అది నాకు ఇప్పటికీ మండుతుంది."

ఆ తర్వాత లూథర్ వాగు మురుక్కాలవలా తిన్నగా పారింది. చలికాలం వరదకు నిలిచే చోటు లేక గులకరాళ్లన్నీ కొట్టుకుపోయి అడుగున బండ తేలింది. బండ మీద చేప గుడ్లు పెట్టదు. ఏటేటా వల వేసే రోజులు తగ్గించారు. చివరి ఏళ్లలో మామగారు వాడని వలలకే మరమ్మతులు చేసుకుంటూ షెడ్డులో కూర్చునేవాడు. నేను కాఫీ తీసుకెళ్తే, "ఈ ఏడు చేపల వేట తెరుస్తారంటున్నారమ్మా" అనేవాడు. ఎవరూ అనలేదు. ఆయన అలాగే పోయాడు.

ఆర్డిస్ బతకడానికి చేపల ఫ్యాక్టరీలో పేగులు తీసింది, తర్వాత కలప నరికే ముఠాలో చేరింది. కూలిన మానుకు ఇనుపతాడు ఉచ్చు బిగించి పైకి లాగించే పని. ఆడవాళ్లు ఎవరూ చేసేవారు కాదు. మా కొండల మీది చెట్లను కలప కంపెనీ నరుకుతుంటే, ఉచ్చు బిగించింది మా వాళ్లే. ఆమె ఆ సంగతి దాచేది కాదు. ఎవరైనా తెగ గొప్పలు చెప్తుంటే, కొండలు బోడి చేసిన కూలి డబ్బుతోనే మనందరం టీవీలు కొనుక్కున్నాం అని మొహం మీదే అనేది. అందుకే పెళ్లిళ్లకు ఆమెను చివరి బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు.

చివరికి తెగ చేపల విభాగం వాళ్లకు వాగుల్లో మానులు తిరిగి వెయ్యాలన్న ఆలోచన వచ్చింది. ఒకప్పుడు తీసెయ్యమన్నవాళ్ల పుస్తకాల్లోనే ఇప్పుడు వెయ్యమని రాసి ఉందట. ఆ పని చేసే ముఠాకు ఆర్డిస్‌ను పెద్దగా పెట్టారు. నన్నూ తీసుకుంది. తాడు చుట్టే విన్చి యంత్రం దగ్గర నిలబడి ఇనుపతాడు వదలడం, బిగించడం నా పని. ఓవెన్ అనే కుర్రాడు, చేపల చదువు చదివినవాడు, ఏ వంపులో ఏ మాను పెడితే నీళ్లు ఎటు తిరుగుతాయో లెక్కవేసేవాడు. మంచివాడు. వాళ్లిద్దరూ రోజూ వాదించుకునేవారు, సగం సార్లు అతనిదే ఒప్పయ్యేది, ఆమె గొణుక్కుంటూ అతను చెప్పిన చోటికే మానును జరిపించేది.

కష్టమంతా మానుల దగ్గరే వచ్చింది. వరదకు కదలకుండా ఉండాలంటే మాను పెద్దదై ఉండాలి, వేళ్లతో సహా ఉండాలి. మా కొండల మీద మిగిలినవి తొడలావు చెట్లే. పెద్దవి ఉన్నది కంపెనీ యార్డులో. రోడ్డు వెడల్పు చేస్తూ వేళ్లతో సహా పడదోసినవి. అందులో ఒక ఎర్ర దేవదారు ఉంది. దాని వేళ్ల గుత్తి మా ఇంటి కప్పు కంటే ఎత్తు. దాన్ని మా తాతల అడవిలోంచే తెచ్చారు, ఆ రోడ్డు ఎక్కడిదో మాకందరికీ తెలుసు.

యార్డు మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "దేవదారంటే మీ వాళ్లకి ప్రాణం కదా మేడమ్. అందుకే దీన్ని కొయ్యకుండా దాచి ఉంచాం" అన్నాడు.

"దాచారా? ఎవరికి దొరక్కుండా?" అంది ఆర్డిస్.

అతను నవ్వబోయి ఆగిపోయాడు. మా చెట్టును మాకే బజారు ధరకు అమ్మాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె దారి పొడుగునా తిడుతూనే ఉంది. కంపెనీని, తెగ సభను, చివరికి ట్రక్కు వైపర్లను కూడా.

ఆ వేసవిలో లూథర్ వాగు పెద్ద వంపు దగ్గర దేవదారును దించాం. వేళ్లు ఎగువకు, తల గట్టుమీద నిలిచిన రెండు చెట్ల మధ్యకు దూర్చి ఇరికించాం. మిగతా మానులన్నీ దాని మీద ఆనుకున్నాయి. అది కదిలితే అన్నీ కదులుతాయి, అది ఉంటే అన్నీ ఉంటాయి. వానలు మొదలయ్యాక నీళ్లు వేళ్లకు కొట్టుకుని సుడి తిరిగి కింద మడుగు తవ్వడం, ఎగువన గులకరాళ్లు చేరడం మా కళ్లముందే జరిగింది. ఒక రోజు ఆర్డిస్ దేవదారు మీద బోర్లా పడుకుని ఉంది. ఏమైందోనని పరిగెత్తాను.

"మాట్లాడకు. వచ్చి పక్కన పడుకో" అంది.

కింద ఒక ఆడ సాల్మన్ పక్కకు ఒరిగి తోకతో రాళ్లు చిమ్ముతూ గుంట చేస్తోంది. తోక అంచులు అరిగి తెల్లబడిపోయాయి. ఇద్దరం తడిసిపోయేదాకా చూశాం. వదిన ముఖం ఆ పూట చిన్నపిల్ల ముఖంలా ఉంది. ఆ తర్వాత అలాంటి ముఖం నేను మళ్లీ చూడలేదు.

జనవరిలో వాన ఆగి గట్టిగా చలి పట్టింది. వాగు తగ్గిపోయింది. గులకరాళ్ల కింద గుడ్లు ఎలా ఉన్నాయో చూద్దామని ఓవెన్, ఆర్డిస్, నేను వంపుకు వెళ్లాం. తెల్లటి మంచు మీద ఎర్రగా రంపపు పొట్టు. దేవదారు వేళ్ల గుత్తి ఒక్కటే, పీకిన పన్నులా, నీళ్లలో వాలిపోయి ఉంది. బోదె మొత్తం లేదు. ముక్కలుగా కోసి, గట్టు ఎక్కించి, ట్రక్కులో పట్టుకుపోయారు. నిటారుగా చీలే దేవదారు మొద్దులకు ఇంటికప్పు చెక్కపెంకుల మిల్లులో ఎప్పుడూ గిరాకీయే.

ఓవెన్ ఏదో అనబోయాడు. ఆర్డిస్ చెయ్యెత్తింది. వంగి, పిడికెడు పొట్టు తీసి కోటు జేబులో వేసుకుంది.

ఆ వాసన నాకు కొత్త కాదు. మా షెడ్డులోంచి నాలుగైదు రోజులుగా అదే వాసన వస్తోంది. డెల్మర్‌ది చెక్కపెంకుల మొద్దులు కోసే పనే కాబట్టి నేను పట్టించుకోలేదు. కొండల మీద కంపెనీ వదిలేసిన పాత మొదళ్లలోంచి తవ్వి తెస్తాడు. అది ఈ మాను వాసనేనని ఆ చలిలో నిలబడి అర్థమైంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"వదినా, మా ఇంటికి పద" అన్నాను.

డెల్మర్ వంటింట్లో పొగబెట్టిన చేప, రొట్టె తింటున్నాడు. ఆర్డిస్ కూర్చోలేదు. జేబులోని పొట్టు తీసి అతని పళ్లెంలో పోసింది. అతను పళ్లెం వైపు చూసి, నెమ్మదిగా చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"అడుగు అక్కా. అడగడానికే వచ్చావుగా."

"అడిగేదేముంది. నా నోటితో చెప్పించాలనా?"

"వాగులో పడేసిన మాను. కుళ్లిపోడానికి వేశారు. అలాంటి దేవదారు నా చేతికి తగిలి ఎన్నేళ్లయిందో తెలుసా నీకు? నువ్వేమో తీసుకెళ్లి నీళ్లలో పారేశావు."

"దాని కింద గుడ్లున్నాయిరా."

"నాకేం తెలుసు?"

"నీ పెళ్లాం రోజూ వచ్చి చెప్తూనే ఉందిగా. అన్నం తింటూ విన్నావు, విని వెళ్లి కోశావు."

డెల్మర్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. నేను ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పిన మాటల్లోనే అతనికి చోటు తెలిసింది, ఎప్పుడు ఎవరూ ఉండరో కూడా తెలిసింది. అది తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు మండుతాయి.

ఆర్డిస్ అరవలేదు. తలుపు మెల్లగా వేసి వెళ్లింది. డెల్మర్ పళ్లెం ముందు చాలాసేపు కూర్చుని, "అరిస్తే బాగుండేది" అన్నాడు.

వారం తిరక్కుండా సముద్రంమీంచి వెచ్చటి వాన వచ్చింది. కొండల మీద మంచు కరిగి వాగు ఉరికింది. మేం వంతెన మీద నిలబడి చూస్తుండగానే వంపులోని మానులన్నీ ఒకదాని వెనక ఒకటి లేచి వచ్చాయి, వంతెన కింద దొర్లుకుంటూ ఏట్లోకి పోయాయి. వాటి వెనక నీళ్లు చిక్కగా, బూడిదరంగులో. ఆ నీళ్లలోనే గులకరాళ్లు, గుడ్లు పోతున్నాయి. ఓవెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆర్డిస్ వంతెన ఊచలను బూటుతో తన్నింది. మళ్లీ తన్నింది. కాలి వేలు విరిగిందని రెండు రోజుల తర్వాత తెలిసింది.

ఆమే స్వయంగా తెగ కోర్టులో ఫిర్యాదు ఇచ్చింది. ఊరు ఊరంతా ఆమె మీద పడింది. చేపలు పొగబెట్టే పాక దగ్గర మా పెద్దత్త ఇర్మా అందరి ముందూ ఆమెను ఆపింది. "సొంత తమ్ముణ్ణి కోర్టుకెక్కిస్తావుటే? మీ అమ్మ ఉంటే ఏమనేది?"

"చేపకి కోర్టుకెళ్లడం రాదత్తా. వస్తే నాకీ పని ఉండేది కాదు" అని ఆర్డిస్ తన బుట్ట తీసుకుని వెళ్లిపోయింది.

కోర్టులో డెల్మర్ తప్పించుకోవాలని చూడలేదు. కోశానన్నాడు, మిల్లుకు అమ్మానన్నాడు. తర్వాత గొంతు పెరిగింది. కంపెనీ లారీలు మన బడి ముందునుంచి, పట్టపగలు, ఏళ్ల తరబడి మన అడవిని మోసుకుపోయాయి. అప్పుడు ఎవరూ దొంగ అనలేదు, లారీ వెళ్తుంటే పిల్లలు చేతులూపేవారు. నేను ఒక్క మాను కోస్తే నన్ను ఇక్కడ నిలబెట్టారు అన్నాడు. అతను చెప్పింది అబద్ధమని ఎవరు అనగలరు? అతని మీద ఎంత కోపం ఉన్నా ఆ మాట నాకూ తగిలింది.

ఆర్డిస్ లేచింది. "వాడన్నది నిజమేనమ్మా" అంది జడ్జితో. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "కంపెనీవాడు మనం పట్టుకోలేకపోయిన దొంగ. నువ్వు దొరికిన దొంగవి. వాడు అడవినే తిన్నాడు, తర్వాత వచ్చేదాన్ని మనకి వదిలాడు. నువ్వు ఆ వచ్చేదాన్నే తిన్నావు. ఇంకా వాణ్ణి చూపించి తప్పించుకుందామనుకుంటున్నావా?"

ఆ శరత్తులో డెల్మర్ వల వెయ్యకూడదని, వేసవంతా కూలి లేకుండా మా ముఠాలో పని చెయ్యాలని, పోయిన మాను స్థానంలో ఇంకో మాను తనే తేవాలని జడ్జి చెప్పింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ మాను ఎక్కడుంది?

ఒక్కచోట ఉంది. తాతగారి వాటాకు వచ్చిన భూమిలో, ఏ లారీ ఎక్కలేని నిటారు గట్టు మీద, ఒకే ఒక్క పాత స్ప్రూస్ చెట్టు మిగిలింది. అది అక్కాతమ్ముళ్లిద్దరిదీ. సైలస్ బూడిదలో కొంత దాని మొదట్లోనే కలిపారు.

"అది నాన్న చెట్టు" అన్నాడు డెల్మర్.

"వాగు కూడా నాన్నదే" అంది ఆర్డిస్.

ఆ చెట్టే కావాలని కోర్టేమీ అనలేదు. ఆమె పట్టుబట్టింది, అతను కాదనలేకపోయాడు. చిన్న తవ్వే యంత్రాన్ని ఇనుపతాళ్లతో గట్టెక్కించడానికే చాలా శ్రమ పడ్డాం. వేళ్ల చుట్టూ మట్టి తవ్వింది ఆమే, యంత్రం తొట్టితో చెట్టును నెట్టింది ఆమే. చెట్టు వెంటనే పడలేదు. ఎంతోసేపు మూలుగుతూ నిలబడింది. డెల్మర్ చెవులు మూసుకుని అటు తిరిగి కూర్చున్నాడు. పడ్డాక నేను యంత్రం వైపు చూశాను. ఆమె ఇంజను ఆపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ముందుకు చూస్తోంది. దిగమని పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ వేసవంతా అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు మూడే. ఎత్తు, దించు, ఆగు. ఇంట్లో నేనూ అంతే. వండి పెట్టాను, బట్టలు ఉతికాను, మాట్లాడలేదు. ఇనుపతాళ్లతో గట్టు దింపిన స్ప్రూస్ వంపులో సరిగ్గా కుదురుకుంది.

ఆకులు రాలే కాలానికి వంపు దగ్గర రోడ్డు పక్కన ఒక బోర్డు వెలిసింది. నిగనిగలాడే రంగులు, ఎగురుతున్న చేప బొమ్మ, కింద కంపెనీ పేరు. లూథర్ వాగు పునరుద్ధరణకు మానులు అందించినవారు అని రాసి ఉంది. ఆర్డిస్ దాన్ని గట్టిగా, అక్షరం అక్షరం పైకి చదివింది. "అందించినవారు" అని మళ్లీ చదివింది. కంపెనీకి ఫోన్ చేస్తే, ఇరుగుపొరుగు స్నేహం కోసం పెట్టామని ఎవరో అమ్మాయి తియ్యగా చెప్పింది.

ఆర్డిస్ ఫోన్ జేబులో పెట్టుకునేలోపు డెల్మర్ విన్చి తాడు లాక్కొచ్చాడు. ఎవరూ చెప్పలేదు. బోర్డు గుంజ చుట్టూ ఉచ్చు వేస్తున్నాడు.

"కిందకి కట్టు. పైన కడితే విరుగుతుంది, మొదలు భూమిలోనే ఉండిపోతుంది" అంది ఆర్డిస్.

ఎన్నో నెలల తర్వాత ఆమె అతనితో పలికిన నిండు మాట అది. విన్చి నేను బిగించాను. బోర్డు సిమెంటు గడ్డతో సహా లేచింది. ట్రక్కు వెనక వేసుకుని వెళ్లి కంపెనీ యార్డు గేటుకు ఆనించి వచ్చాం. దారిలో డెల్మర్ పళ్లు నూరుతుంటే ఆమె కూడా నూరడం చూశాను. ఇద్దరి దవడలూ అచ్చం మామగారివే. మర్నాడు మా తెగ పోలీసు విచారణకని వచ్చి, కాఫీ తాగి, చేపలు బాగా పడుతున్నాయా అని అడిగి వెళ్లాడు.

దాంతో అంతా కుదుటపడిందని చెప్పను. వెండి సాల్మన్ పిల్ల వాగులో ఒక ఏడాది పెరిగి సముద్రానికి పోతుంది, గుడ్డు పెట్టిన మూడేళ్లకు, మళ్లీ శరత్తులోనే, తన వాగుకు తిరిగి వస్తుంది. ఆ శరత్తులో వంపుకు చేపలు వచ్చాయి, ఆ పై ఏడూ వచ్చాయి. ఊళ్లోవాళ్లు మర్చిపోయారు. పెద్దత్త ఇర్మా ఆర్డిస్‌కు జామ్ సీసా కూడా పంపింది. ఆ తర్వాతి శరత్తుకు, కొట్టుకుపోయిన గుడ్ల వంతు వచ్చింది.

మొదటి పెద్ద వాన పడ్డాక ఆర్డిస్ పొద్దున్నే మా గుమ్మం ముందు ట్రక్కు ఆపి హారన్ కొట్టింది. "వాణ్ణి రమ్మను" అంది. డెల్మర్ బూట్లు తొడుక్కుని బయలుదేరాడు. నేనూ ఎక్కాను.

వంపులో స్ప్రూస్ అలాగే ఉంది. మడుగు లోతుగా, గులకరాళ్లు శుభ్రంగా, నీళ్లు చల్లగా. చేపకు ఏం కావాలో అన్నీ ఉన్నాయి. చేప లేదు. వానలో నిలబడి చూశాం. మడుగులో ఆకులు తిరుగుతున్నాయి, అంతే.

"రేపు రావచ్చేమో అక్కా" అన్నాడు డెల్మర్.

"రేపు కూడా రావు. వచ్చేవి లేవు." అంది ఆర్డిస్ కోపంగా. "మళ్లీ మూడేళ్లకి కూడా అంతే. ఆ తర్వాత మూడేళ్లకీ. దారి తప్పి నాలుగు చేపలు ఇటొచ్చేదాకా ఈ ఏటి వంతు వచ్చినప్పుడల్లా ఇది ఖాళీగానే ఉంటుంది. నేను పోయాక కూడా ఖాళీగానే ఉండొచ్చు."

డెల్మర్, వెళ్దామా అని నా వైపు చూశాడు.

"వెళ్లు. మళ్లీ రేపు రా" అంది ఆర్డిస్. "రోజూ రా. సీజను అయ్యేదాకా రా. లేనిదాన్ని చూడు."

అతను వెళ్లాడు. మర్నాడు, ఆ మర్నాడు, వానలో, గాలిలో. నేను గుర్తుచెయ్యలేదు, ఆమె హారన్ కొట్టలేదు. తన ట్రక్కులో తనే వెళ్లి గట్టు మీద నిలబడి వచ్చేవాడు. ఆమె కూడా వచ్చేది, కొంచెం ఎగువన నిలబడేది. ఒకరోజు నేను ఫ్లాస్కుతో కాఫీ తీసుకెళ్లేసరికి ఇద్దరూ ఒకే దుంగ మీద, మధ్యలో మనిషి పట్టేంత ఎడంతో కూర్చుని ఉన్నారు. డెల్మర్ కప్పులో పోసి అక్కకు అందించాడు. ఆమె తీసుకుంది. ఒక గుక్క తాగింది.

"ఇది కాఫీనా, వల కడిగిన నీళ్లా?" అంది.

"నడీన్ పెట్టింది."

"నువ్వు పెట్టుంటే తాగేదాన్ని కాదులే" అని కప్పు ఖాళీ చేసి, మళ్లీ మడుగు వైపు తిరిగింది.